స్థానిక నామం

జయపురం కాలేజీలో మెట్ల కింది గది నాది.
నాఫ్తలీను గోలీల వాసన
ఇంటికెళ్ళినా అన్నంలోకి వస్తుంది.

నేను వృక్షశాస్త్రం చదవలేదు.
ఎండిన కొమ్మల్ని అట్టమీద కుట్టే మనిషిని.
తెల్లదారం, రెండు చుట్లు, వెనక ముడి.
ముళ్ళ కొమ్మైతే
ముందు నా వేలికే కుట్టు పడుతుంది.

కొండకోరిందవి నాలుగు అట్టలున్నాయి.

మొదటిది దేవమాలి వాలు, అరవై రెండు, వేసవి.
ఎవరో పెద్దాయన ఏటవాలు చేతిరాత:
"వాగు ఒడ్డంతా పొదలు. పళ్ళు పసుపు. తీపి."
తీపి అన్న మాట కొట్టేసి
పక్కనే మళ్ళీ రాశాడు.
శాస్త్రానికి ఎందుకులే అనుకున్నాడేమో,
నాలుక ఒప్పుకోలేదు.

రెండోది పొట్టంగి, డెబ్భై తొమ్మిది.
తెలుగు పేపర్లో పెట్టి నొక్కారు.
ఆకు అడుగున తెల్లటి నూగుమీద సిరా దిగి
అద్దంలో చూస్తే తప్ప అందని అక్షరాలు:
సాలూరు బజారు, బెల్లం, మణుగు...
కొండ ఎత్తెంతో ఎవరూ రాయలేదు గానీ
ఆ వారం బెల్లం ధర ఆకుకి తెలుసు.

మూడోదాని మీద, తొంభై ఎనిమిది,
"రోడ్డు పని నడుస్తోంది. ఒక్క పొద."
చిన్న పొట్లంలో ఒక గింజ,
ఒక చీమ కాలు.

నాలుగో అట్టమీద మొక్క లేదు.
పురుగు తినేసింది.
దారాలు మాత్రం
కొమ్మ ఎంత లావుండేదో అంత వదులుగా
ఇంకా పట్టుకునే ఉన్నాయి.
అవి నా కుట్లే.

నాలుగింటి మీదా
"స్థానిక నామం" అన్నచోట ఒక అడ్డగీత.
మొదటి అట్ట వెనక పెన్సిలుతో, సగం చెరిగి,
"మోత కుర్రాడు, గడబ, రోజుకి ముప్పావలా."
పేరు తెలిసినవాడు బుట్ట మోశాడు.
అతని పేరూ లేదు.

మొన్న వైశాఖంలో లమతాపుట్ సంతకి వెళ్ళాను,
మా తోడల్లుడికి అల్లం బేరం చెయ్యడానికి.
ఆకుదొప్పల్లో పసుప్పచ్చగా, తడిగా,
నేను ఎప్పుడూ గోధుమరంగులోనే చూసినవి.
కూర్చున్నామె ధనమతి కిర్సాని.
దీన్నేమంటారు అనడిగాను.
చెప్పింది.
మాట మధ్యలో గొంతు ఒక్క క్షణం తలుపేసుకుని
మళ్ళీ తీసింది.
ఆ చప్పుడుకి మన గుణింతంలో చోటు లేదు.
మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పింది.
మూడోసారి అడిగేసరికి
బేరమాడుతున్నాననుకుని
అయిదు రూపాయల దొప్ప నాలుగుకిచ్చింది.

బస్సులో సగం తిన్నాను.
మిగతావి చొక్కా జేబులో నలిగిపోయాయి.
కొత్త అట్టకి పనికొచ్చే కొమ్మ
అడగడమే మరిచాను.

సోమవారం
నాలుగో అట్టమీది అడ్డగీత పక్కన
రెండక్షరాలు రాసి
మధ్య కొంచెం ఖాళీ వదిలాను,
గొంతు మూసుకున్నంత.

ప్రహరాజ్ మాస్టారు కళ్ళజోడు సర్దుకుని
చెయ్యి జారిందనుకున్నారు.
ఎర్ర పెన్నుతో
రెండింటినీ కలిపేశారు.