బాడిగ గాలి

మూడు రాత్రులు లెక్క వేసినాం,
చీటీల పుస్తకం వెనకట్ట మీద, పెన్సిలుతో.
ఆయప్ప పండుకొని చెప్తాడు, నేను కూచొని రాస్తా.
సుంకేసుల కాన్నుంచి కేసీ కాలువ పొడుగునా
ఎవరిది ఏం మునిగినా ఫోను మా ఇంటికే.
మోటారు, గొలుసు, బర్రె,
ఒకోసారి మనిషి.

బాడిగైతే హైదరాబాదు అంగడి.
రోజుకి పద్దెనిమిది వందలు, డిపాజిట్టు పదివేలు,
బస్సు డిక్కీలో సామాను ఛార్జీ వేరే.
రబ్బరు చొక్కా ఎవరి కొలతదో వస్తాది.
ఒకసారి భుజాల కాడ సరిపోయి
నడుం కాడ నీళ్లు నిలబడె.
"ఇంకొకని తోలు తొడుక్కున్నట్ల ఉండె" అన్యాడు.

కొత్తదైతే లక్షా ముప్పై.
రాసి పెన్సిలు కింద పెట్టినా.
ఆ అంకె పక్కన
మా ఇంటి అంకె ఏదీ కూచోలేదు.

మా అత్త మంచం మీంచి,
"ఏం మద్దిలేటీ, తాగను నీళ్లు ట్యాంకరోడు తేవల్ల,
మునగను నీళ్లకి లక్ష పోస్తావంటనే!"
ముగ్గురం నవ్వినాం.
ఈ ఊర్లో ఆ మాటకి నవ్వక ఏం చేస్తాం.
నవ్వు ఆగినాక
పోయిన శ్రావణం గుర్తొచ్చింది.

కాలువకి నీళ్లొదిలిన రెండో రోజు,
పాత లాకుల కాడ, ఇలియాజ్ అని,
డిప్లొమా చదివే పిల్లోడు.
అంగడోనికి ఫోను చేస్తే
"పొద్దన బస్సుకి ఏస్తాలే అన్నా" అన్యాడు.
ఆయప్ప లుంగీ ఎగ్గట్టి
ఉన్న ఊపిరితోనే దిగినాడు.
నలభై లెక్కపెడితే పైకి తేలె. మళ్లీ నలభై.
గట్టు మీద వాళ్లమ్మ చెయ్యి నా చేతిలో ఉండె,
నేను లోపల్లోపల లెక్కపెడతాంటి.
పదకొండో మునక్కి దొరికినాడు.

మర్నాడు తొమ్మిదికి దిగింది సామాను.
మూట విప్పకుండానే తిప్పి పంపినాం.
బాడిగ మాత్రం కట్టినాం.

ఇంగ పాతదే చూద్దామనుకుంటిమి.
విశాఖపట్నంలో ఒక పెద్దాయన,
నేవీలో చేసి దిగిపోయినోడు,
ఫోటోలు పంపి సెట్టంతా నలభై రెండు వేలన్యాడు.
సిలిండరు మెడ కాడ పరీక్ష చేసిన తేదీ గుద్ది ఉంటాదంట.
వేళ్లతో పెద్దది చేసి చూస్తిమి,
ఏడేండ్ల కిందిది. అది వద్దంటిమి.
మిగతాది ఇరవై ఆరు కాడ తెగింది,
విప్పి, కడిగి, బిగించినందుకు ఇంకో నాలుగు.

ఎద్దును కొనేటప్పుడు ముందే పండ్లు చూస్తారు.
మాకు కొన్నాక కనపడినాయి పండ్లు:
నోట్లో పెట్టుకునే రబ్బరు మీద
ఆ పెద్దాయన కొరికిన గాట్లు,
ఎడమపక్క పైపైన,
కుడిపక్క లోతుగా.
కుడి దవడతో భయపడేవాడేమో.
కొత్త రబ్బరు నూటెనభైకి తెప్పించినా గానీ
దాన్ని పారేయబుద్ధి కాలే.
పోపుల డబ్బాలో, లవంగాల అరలో ఉంది.

కండ్లద్దం మాత్రం కొత్తదే.
ఒకరి మొహానికి అలవాటు పడింది
ఇంకొకరి ముక్కు కాడ నీళ్లు కారుస్తాది.

ఇన్ని కొన్నా సిలిండర్లు బాడిగవే,
నెలకింత అని, నిండువి రెండు,
గ్యాసు బండ పక్కన.
వాటికీ పసుపు కుంకుమ పెట్టింది అత్త.
"దీంట్లో ఏముందిమా?" అని పిల్ల అడిగె.
గాలి అంటి.
"గాలికి దుడ్లా!" అని ఊదుకుంటా పాయె,
బుగ్గలనిండా ఊరికే వచ్చినది.

ఈ మాపటేల కాలువకి నీళ్లొదిలినారంట.
ఆయప్ప ఫోను ఛార్జింగుకి పెట్టి పండుకున్యాడు.
అది మోగకుంటే
ముప్పై వేలూ దండగే.
దండగ కావల్లనే
సుంకులమ్మకి టెంకాయ మొక్కుకున్యా,
అది లెక్కలో రాయలేదు.