ఐదో లేను గట్టున

నాలుగు నలభైకి బల్లారట్‌లో
కారు అద్దం మీది మంచుని
పాత లైబ్రరీ కార్డుతో గీకుతుంటాను.
వెనక సీట్లో మేదిని
తడి తువ్వాలు కంపు కొట్టే సంచిని వాటేసుకుని
నోరు తెరిచి నిద్రపోతుంటుంది.
భూమి అని పేరు పెట్టుకుని
వారానికి తొమ్మిదిసార్లు నీళ్లలోకి తోస్తున్నాను.

నాకు ఈత రాదు.
మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు.
అయినా మోచెయ్యి ఎక్కడ వాలిపోతోందో
మలుపు దగ్గర ఎంత పోగొట్టుకుంటోందో
చెప్పేది నేనే.
గట్టున కూర్చున్నవాళ్లకి
నీళ్లెప్పుడూ పల్చనే.

క్లబ్బు వాళ్ల కాగితంలో
కమిట్‌మెంట్ అన్నచోట సంతకం చేస్తుంటే
తెలుగులో ఏమంటారమ్మా, అనడిగింది.
నిబద్ధత అన్నాను.
అర్థం కాలేదంది.
కట్టుబడి ఉండటం, అన్నాను.
"ఎవరు కడతారు?"
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

ల్యాబులో రాత్రంతా
ఎవరెవరి రక్తానికో పేర్లంటించి సంపాదించిన డాలర్లు
మూడు వందలు పోస్తే వచ్చింది పోటీ సూటు.
పది పందేలకి సాగిపోతుందట.
దాన్ని తొడగడానికి ఇద్దరం బాత్‌రూములో
ఇరవై నిమిషాల కుస్తీ.
అంత కష్టపడి బయటికి తెచ్చిన పిల్లని
ఇంత కష్టపడి లోపలికి కుక్కుతున్నానని
నవ్వొచ్చింది.
తను నవ్వలేదు, ఊపిరి బిగబట్టి ఉంది.

వెల్లకిల ఈత, వంద మీటర్లు.
రాష్ట్రం పోటీకి కావలసింది
నిమిషం పన్నెండు సెకన్ల నలభై.
మేదినిది పన్నెండు ఎనభై రెండు.
రెండు అంకెల్నీ వాళ్ల నాన్న ఫ్రిజ్‌కి అతికించాడు,
పాలు తీసినప్పుడల్లా కనబడేలా.
వాటి మధ్య ఉన్నది ఒక్క రెప్పపాటు.
దానికోసం రెండేళ్లుగా
మా ఇంట్లో ఎవరూ రెప్ప వేయడం లేదు.

ఆ ఆదివారం జీలాంగ్‌లో
టైమ్ చూసేవాళ్లు చాలలేదు.
కోచ్ గ్లెనిస్ నా మెడలో స్టాప్‌వాచీ వేసి
ఐదో లేను దగ్గర నిలబెట్టింది.
అక్కడ నిలబడ్డవాళ్లు అరవకూడదు.
"కాళ్లు, కాళ్లు!" అనకూడదు.
పదమూడేళ్ల పిల్లకి
అమ్మ గొంతు లేని మొదటి పందెం.

వెల్లకిల ఈదేవాళ్లకి గోడ కనబడదు.
పైన కట్టిన జెండాలు దాటాక
బారలు లెక్కపెట్టుకోవాలి.
అంచు మీద వంగాను.
తలకిందులుగా నా వైపే వస్తోంది
నా బిడ్డ మొహం.
పెదాలు కదులుతున్నాయి,
ఒకటి, రెండు, మూడు
తెలుగులో.
ఎప్పుడో అపార్ట్‌మెంట్ మెట్లెక్కిస్తూ నేర్పిన అంకెలు
ఇంకా అక్కడున్నాయని నాకు తెలీదు.
అద్దాల వెనక కళ్లు
నన్ను చూశాయో, పైకప్పునే చూశాయో.
అది భయమో, అలుపో,
లేక నిజంగానే ఇష్టమో,
ఇన్నాళ్లూ అంకెలే చదివినదాన్ని
మొహం చదవడం రాలేదు.

నాలుగు.
చెయ్యి గోడకి తగిలింది.
నా బొటనవేలు కదల్లేదు.

నా గుప్పిట్లో గడియారం పరిగెడుతూనే ఉంది
పదిహేను, పదహారు, పదిహేడు.
పక్కనున్న పెద్దాయన తన లెక్క రాసుకుని
నీకెంత వచ్చింది, అన్నాడు.
"మిస్సయ్యాను" అన్నాను.
అనేశాక
ఎప్పట్నుంచో చెప్పాల్సిన మాటలా వినబడింది.

తిరిగొస్తూ బానక్‌బర్న్‌లో చిప్స్ కొన్నాం.
ఎంతైందని తను అడగలేదు.
జుట్టు నిండా క్లోరిన్, వేళ్ల మీద ఉప్పు.
చాలాసేపటికి,
"ఇవాళ నువ్వు అరవలేదే" అంది.
"అరవకూడదట."
"ఓహో" అని
కిటికీ వైపు తిరిగింది.

సోమవారం
అలారం మోగకముందే నొక్కేశాను.
ఈసారి వేలు బాగానే కదిలింది.
చీకట్లో కదలకుండా పడుకున్నాను.
పక్కగదిలో
సంచి జిప్పు చప్పుడు.
తెరుస్తోందో
మూస్తోందో
ఇక్కణ్ణుంచి తెలియదు.