బెత్తెడు పైన

యిహ్లావా ఊరి వెనక
రాయి తీయడం మానేసిన క్వారీలో
ఆదివారం పొద్దున తొమ్మిది.
ఇరవై ఐదు మీటర్ల అవతల
పొగమంచుకి మెత్తబడ్డ అట్ట.
లుబోర్ ఐదు సార్లు పేల్చి
బైనాక్యులర్ ఎత్తి చూసి
పెదవి కొరుక్కున్నాడు.
మళ్ళీ బెత్తెడు పైన.

ముప్పై ఎనిమిదేళ్ళు పళ్ళ సెట్లు చేసిన చెయ్యి అది.
ఎవరి దవడకి ఎంత మైనం, ఎంత పింగాణీ,
వెంట్రుకవాసి తేడా రానివ్వని చెయ్యి.
ఈ వేసవి నుంచి దానికేదో అయింది.
కాఫీ కప్పు సాసర్ మీద పెట్టేటప్పుడు
చిన్న చప్పుడు.
భార్య వినలేదనే అనుకున్నాడు.
డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు.
క్వారీకి మాత్రం ఒక్క వారం తప్పలేదు.

క్లబ్బు తాళాలు నడుముకి వేలాడేసుకుని వ్లాస్తా వచ్చింది.
అడక్కుండానే అతని తూటాల పెట్టె తిప్పి చదివింది.
"నూట నలభై ఏడు. ఇవి ఎప్పట్నించి?"
జూన్ నించి. షాపులో పాతవి అయిపోయాయి.
తూటా తూటాయే కదా.
"నీ మొహం," అంది వ్లాస్తా.

నూట పదిహేను గ్రెయిన్లకీ నూట నలభై ఏడుకీ మధ్య
రెండు గ్రాముల సీసం, అంతే.
గ్రెయిన్ అంటే ఒకప్పుడు ఆ దేశాల్లో బార్లీ గింజ.
మన కంసాలి త్రాసులో అయితే
పదిహేడు గురివింద గింజలు.
పేరులో గురి పెట్టుకుని కూడా
ఎన్నడూ దేనికీ గురి పెట్టని గింజ.

బరువైంది కిందికి పోవాలి కదా అంటాం.
నూతిలో రాయి వేసి నేర్చుకున్న పాఠం.
పిస్తోలు ఆ బడికి వెళ్ళలేదు.
వ్లాస్తా బల్ల మీద తడివేలితో గీసింది:
తేలికది ఉరుకుతుంది,
చేతికి తెలిసేలోగా గొట్టం దాటేస్తుంది.
బరువుది నిదానం.
వెళ్ళొస్తానని చెప్పి కూడా
గుమ్మంలో నిలబడి మాట్లాడే చుట్టం.
ఆ కాస్తలో
(రెప్పపాటుని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క)
పిస్తోలు వెనక్కి తన్ని
ముక్కు ఎత్తడం మొదలుపెడుతుంది.
ఎత్తిన ముక్కు ఎటు చూస్తే తూటా అటు.
బరువు పైకి తగులుతుంది.

తన సంచీలోంచి నూట పదిహేనులు ఐదు తీసిచ్చింది.
పేల్చాడు.
అట్ట నడుమకి దిగాయి.
"చూశావా, తప్పు సీసానిది, నీ చేతిది కాదు."
వీపు మీద ఒక్కటి చరిచి
తలుపులు మూయడానికి వెళ్ళింది.

అతను రెండు అట్టలూ ఒకదాని మీద ఒకటి పెట్టి
ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు.
పది రంధ్రాల్లోంచి పది తెల్లటి చుక్కలు.
గుంపు దిగింది నిజమే, సరిగ్గా బెత్తెడు.
చెదురు మాత్రం దిగలేదు.
అక్కడా అరచెయ్యంత, ఇక్కడా అరచెయ్యంత.
పోయినేడు ఐదింటినీ
ఒక కాఫీ కప్పు అడుగుతో మూసేవాడు.

గురివింద తన కింద నలుపు ఎరగదంటారు.
ఎరుగుతుంది.
అందుకే దాని మీద కూర్చుంటుంది.

వ్లాస్తా తిరిగొచ్చేసరికి
కింద పడ్డ ఇత్తడి గొట్టాలు ఏరి డబ్బాలో పోస్తున్నాడు.
"నా దగ్గర తేలికవి మూడు పెట్టెలున్నాయి, పట్టుకుపో."
వద్దన్నాడు.
"ఈ బరువువే ఉండనీ.
వీటితో తప్పితే ఒక కారణం ఉంటుంది."

ఆమె ఏదో అనబోయి ఫ్లాస్కు మూత విప్పింది.
మూతలో టీ పోసి అందించింది.
తాగి, దాన్ని ఇనప బల్ల మీద పెట్టబోయాడు.
అప్పుడే వ్లాస్తా
ఏ తలుపూ మిగల్లేదని తెలిసీ
నడుముకున్న తాళాల గుత్తి తీసి
గట్టిగా, చాలాసేపు ఆడించింది.