సున్నా పాయింటు సున్నా రెండు

మెట్‌పల్లి దాటి ఏడు కిలోమీటర్లు.
మంచినీళ్ల పైపు పక్కపొంటి
అదే కందకంల నల్ల గొట్టం పండుకొని నాలుగేండ్లు.
నీళ్లు ఎప్పుడో వచ్చినయి.
వెలుతురే రాలే.

రోడ్డు వెడల్పు జేసే జేసీబీ రెండుసార్లు తెంపింది,
పసుపు తవ్వే గడ్డపార ఒకసారి.
పంచాయతీ ఆఫీసు గోడకు కొట్టిన డబ్బాల
బల్లి గుడ్లు పెట్టి, పొదిగి, ఎటో పోయింది.
కార్యదర్శి సుజలత ఇన్నేండ్లూ
నీళ్ల ట్యాంకు మెట్లెక్కి
ఫోను పట్టుకున్న చెయ్యి పైకెత్తి
ఊరి జనన మరణాలు పంపింది.
చావులు జల్ది పోయేవట,
పుట్టుకలే ఆగి ఆగి పోయేవట, ఎందుకో.

ఈ పొద్దు నేనొచ్చిన.
కొత్తవాడ నాది.
కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, ఆయన కింద నేను.
మూడు నెలల జీతం బాకీ,
చేతిల మాత్రం లక్షల మిషిను.

ఆఫీసు అరుగు మీద గోనెసంచి పరిచి కూసున్న.
తొడుగు ఒలిచిన.
నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ.
అన్నీ పోగులే.
లోపలంత అద్దం, వెంట్రుక మందం.
మా నాయనమ్మ షత్రంజి మగ్గం కాడ
తెగిన పోగుకు బూడిద అద్ది
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
ఒక్క మెలి తిప్పేది.
ఎక్కడ అతికిందో మళ్ల ఆమెకే దొరికేది కాదు.
నేను స్పిరిటు అద్ది తుడుస్త,
కొన కోస్త, ఎదురెదురు పెడ్త.
చిటుక్కున ఒక నీలి మెరుపు,
రెండూ ఒకటైతయి.
తెర మీద మిషిను రాస్తది:
నష్టం, సున్నా పాయింటు సున్నా రెండు.
ఇంత తక్కువ నష్టం
మా ఇంట్ల ఏ లెక్కల చూడలే.

మూడు గంటలకు డబ్బా మీద పచ్చదీపం నిలబడ్డది.
పోరగాండ్లు ఉరికొచ్చి పాస్‌వర్డు అడిగిన్రు.
సుజలత చెప్పలే.
"ముందు పింఛన్లు" అన్నది.

పోస్టు సారు మిషిను పెట్టిండు.
వరుసల ముందు ముత్తవ్వ.
యాభై ఏండ్లు తునికాకు చుట్టిన బొటనవేలు.
రోజుకు వెయ్యి బీడీలు.
గీతలన్నీ ఆకులకే ఇచ్చింది.
వేలు పెట్టింది.
రెప్ప కొట్టేలోపు జవాబు:
సరిపోలలేదు.
మళ్ల పెట్టింది. రెప్ప.
సరిపోలలేదు.

ముత్తవ్వ నా దిక్కు చూసింది.
కండ్లల్ల కోపం లేదు.
"మొన్నటిదాంక గది గుండ్రంగ తిరుక్కుంట ఉండేది బిడ్డా,
గంటసేపు.
ఆ గంట నాకు పైసలొచ్చినట్టే ఉండేది.
చాట ఒళ్లె పెట్టుకొని ఒక కట్ట చుట్టుకునేదాన్ని.
ఇప్పుడు లేదనుడు గూడ జల్ది వచ్చె."

ఎవరో నవ్విన్రు.
హైదరాబాదుల ఏదో గోడ మీది తెరల
ఈ ఊరు ఈ పూట పచ్చచుక్క అయి ఉంటది.
అబద్ధం కాదది. నేనే అతికిన.
ఏ పోగుల నష్టం లేదు.

నా వేళ్ల కొనలు చూసుకున్న.
అద్దం పెచ్చులు గుచ్చి గుచ్చి
హాజరు మిషిను నన్ను గూడ
అప్పుడప్పుడు నువ్వు కాదంటది.

సంచి తెరిచిన.
నూగు రాలని కాగితం తీసి
స్పిరిటు రెండు చుక్కలు పోసి
అవ్వ బొటనవేలు పట్టుకున్న.
పోగును ఎట్ల తుడుస్తనో అట్ల,
ఒక్క దిక్కుకే, మెల్లగ,
పొగాకు నలుపు కొంత దిగేదాంక.
"సల్లగున్నదిరా" అన్నది.
ఆరనిచ్చిన.
ఊదలే. ఊదితె తడి పడుతది,
మా పనిల మొదటి పాఠం అదే.

"ఇగ పెట్టు అవ్వా."

"ఆగు" అన్నది ముత్తవ్వ,
వేలు గాలిల అట్లనే పట్టుకొని.
"ఒక్క నిమిషం ఆగి పెడ్త."

పోస్టు సారు వాచీ చూసుకున్నడు.
వెనక వరుసల
ఎవ్వరూ ఏమనలే.