తాడు

మూడు రోజులు ఫోన్లు చేస్తే
ఒక్క అంబులెన్సూ పెదజాలారిపేట సందులోకి తిరగలేదు.
నాలుగో రోజు పొద్దున్నే నేవీ దిగింది.
సందు మొగకి అడ్డంగా తెల్ల నైలాను తాడు.
ముడి చూసి అర్జిల్లి కాసులమ్మ నవ్వింది:
"పడవకేసే ముడి. మనుషులకీ అదే ఏసీసినారు."

నేను ఆశా కార్యకర్తని.
ఒక రిజిస్టరు, గీతలు చెరిగిన థర్మామీటరు,
ఏ ఇంట్లో ఎవరు నీళ్ళోసుకున్నారో
ఎవరి మొగుడు మాత్రలు మింగకుండా ఉమ్మేస్తాడో
పదకొండేళ్ళుగా మోస్తున్న బుర్ర.
వాళ్ళు గంటలో ఇసక మీద ఆస్పత్రి లేపారు.
జనరేటరు చప్పుడుకి, అబద్ధమెందుకు,
ఏడుపొచ్చింది నాకు.

కానీ ఆ తెలుపు మాకు కొత్తది కాదు.
గీత దాటావని నడిసంద్రంలో
గురయ్య పడవని మైకులో తిట్టి తరిమింది అదే.
అదే ఇప్పుడు గుమ్మంలో నిలబడి
"లోపల ఎంతమంది?" అంటే
ఏ ఇల్లు నిజం చెబుతుంది?

జ్వరాలు అటకెక్కాయి.
ఎండుచేపల గోనెల వెనక్కి జరిగాయి,
ఒడ్డుకి లాగిన తెప్పల పక్కన టార్పాలిన్ కప్పుకున్నాయి.
మొన్నటిదాకా నాకు నాలిక చాపి చూపించిన పైడమ్మ
చీర కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు మింగింది.
సాయంత్రం బోర్డు మీద అంకె తగ్గింది.
ఆఫీసరు నాకు సెల్యూట్ కొట్టాడు.
నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

రాత్రి తాడు దగ్గర కాపలా దల్బీర్.
పంతొమ్మిదేళ్ళుంటాయేమో, మందుల పెట్టె మోసే కుర్రాడు.
దూరంగా డాల్ఫిన్స్ నోస్ దీపం నీళ్ళ మీద తిరుగుతోంది.
"దీదీ, లోపల దగ్గు వినిపిస్తోంది.
చెబితే తలుపులు కొడతారు.
చెప్పకపోతే?"
వాడి హిందీ, నా సినిమా హిందీ.
"బూట్లు విప్పు" అన్నాను.

విప్పాడు. చొక్కా కూడా.
బనీనుతో, వేలికి తగిలించే ఆ చిన్న క్లిప్పుతో
నా వెనకే చేపల నీళ్ళలో నడిచాడు.
పైడమ్మ వాడి బనీను చూసింది, నన్ను చూసింది,
వేలు ఇచ్చింది.
డెబ్భై తొమ్మిది.
వీపు మీద వేసుకుని పరిగెత్తాడు
అవే ఒట్టి కాళ్ళతో.

తెల్లారేసరికి తాడు దగ్గర వేరే కుర్రాడు.
బూట్లు మెరుస్తున్నాయి.
"ఆ గుంటడేడే?" అంది కాసులమ్మ.
ఎవరినడగాలో నాకు తెలీదు.
రిజిస్టర్లో 'తీసుకువచ్చినవారు' గడి
ఇప్పటికీ ఖాళీ,
పేరు రాస్తే వాడికేమవుతుందోనని.

ఒక్క మాట మాత్రం ఆ ఆఫీసరుకి చెప్పాలని ఉంది.
ఆ ముడి విప్పడం మా పేటలో ఐదేళ్ళ గుంటకీ వచ్చు.
పదిహేడు రాత్రులు, సార్,
ఎవరూ ముట్టుకోలేదు.