పద్దెనిమిదో రాయి దగ్గర బోర్డు

"వేటాడరాదు. గట్టు తవ్వరాదు.
అనుమతి లేనిదే ప్రవేశించరాదు."
ఏటా వైశాఖంలో నేనే ఎర్ర రంగు పూస్తాను.
డబ్బా చాలదు.
ముందు "రాదు"లు మూడూ దిద్దుతాను,
మిగిలితే తక్కిన మాటలు.

వంశధార ఎడమ కాలువకి లస్కర్ని.
ఆరు తూములు, పదకొండు కిలోమీటర్ల గట్టు,
ఓ టార్చి, ఓ సైకిలు, ఓ పుస్తకం.
నీళ్ళు రైతులవి, గట్టు ఇరిగేషను వాళ్ళది,
నీటికోడి ఫారెస్టు వాళ్ళది.
ఎలుక ఎవరిదో ఏ జీవోలోనూ లేదు.

దాలయ్య వచ్చేది ఎలుక కోసమే.
అడుగున చిల్లి పెట్టిన కుండ, గడ్డి పొగ,
మెడలో ఉచ్చుల దండ.
ఎప్పుడైనా కౌజు పడితే
నన్ను చూసి తువ్వాలు కప్పేవాడు.
నాకు ఆ పూట అవతలి గట్టు మీద పనుండేది.

"దిగు దాలయ్యా, గవర్నమెంటు గట్టిది."
"దిగుతాను బావూ.
ఇటు దిగితే నాయుళ్ళ చేను, కర్రట్టుకునుంటారు.
అటు దిగితే నీళ్ళు.
ఎటు దిగమంటావు?
ఈ మట్టికింద మా తాత మడుంది,
మూడు సెంట్లు తక్కువ అరెకరం.
పరిహారం ఒచ్చిందంట. మా ఇంటికి రానేదు."

ఏఈ గారు చెప్పారని
కిందటేడు అతని పలుగు గుంజుకున్నాను.
షెడ్డులో ఉంది, చీటీ కట్టి.

మొన్న భాద్రపదం, తుపాను రెండో రాత్రి,
బోర్డుకి పది బారల ఇవతల
గట్టు పక్క నుంచి నీరు
సన్నగా, పాలు పితికినట్టు.
బస్తాలేశాం. ఆగలేదు.
బుంగ నోరు కనబడుతుంది గానీ
లోపల ఏ మలుపు తిరిగిందో ఎవడికి తెలుసు?

వానలో సైకిలు తొక్కి తలుపు కొట్టాను.
పలుగు నేనే పట్టుకెళ్ళాను.

బోర్లా పడుకుని మట్టికి చెవి ఆనించాడు.
జానతో కొలిచి, "ఇక్కడ" అన్నాడు.
తవ్వాడు.
మోచేతి దాకా, తర్వాత భుజం దాకా చెయ్యి దూర్చి
బంకమట్టి కూరాడు, గడ్డి కూరాడు,
తలకి చుట్టుకున్న తువ్వాలు కూడా కూరాడు.
తెల్లారేసరికి చెమ్మ మాత్రం మిగిలింది.
గోనెలో ఏడు ఎలుకలు.

పుస్తకంలో ఓ గడి: బుంగ పూడ్చినవారు.
"శాఖా సిబ్బంది" అని రాశాను.
అతని పేరు రాస్తే పక్క గడి అడుగుతుంది,
అనుమతి ఎవరిచ్చారని.

పలుగు నా చేతికివ్వబోయాడు.
"ఒగ్గేయ్" అన్నాను.
ఆ మాటని ఎలా అర్థం చేసుకున్నాడో,
భుజానేసుకుని
గట్టు మీదుగానే వెళ్ళిపోయాడు.