ఆటో స్టార్టర్

నార్పల పక్క మా ఊర్లో
రాత్రి రెండూ పదికి త్రీఫేజు వచ్చేది.
రెండుకు కాదు, రెండుంబావుకు కాదు.
సబ్‌స్టేషన్లో ఎవరిదో ఒక చెయ్యి
ఏ గడియారం చూసి లివరు లేపేదో గానీ
ఇరవై రెండేండ్లు
మా నాయన కుళ్ళాయప్పకు అదే తొలికోడి.

అలారం లేదు.
రెండూ ఐదుకు కండ్లు తెరుచుకునేవి.
తలకు తువ్వాల, చేతిలో టార్చి,
కట్టెతో నేలను కొట్టుకుంటా
(పాములు పక్కకు పోవాల గదా)
చీనీ చెట్ల నడాన పోయి పచ్చ బటన్ నొక్కేవాడు.
బోరు ముసలోని మాదిరి దగ్గి, గాలి కక్కి,
ఆఖరికి బొటనవేలంత లావు నీళ్ళు పోసేది.

ఊర్లో అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్యారు.
"మనకెందుకు లేదు నాయనా?" అంటే
రొమ్ము మింద తట్టి
"ఈడుంది గదమ్మీ" అనేవాడు.
తమాసా మాట అనుకున్యా.

తర్వాత పగటి కరెంటు వచ్చింది,
తొమ్మిది గంటలు, సూర్యుని ఎదుటే.
ఊరు ఊరంతా గుర్రుపెట్టి నిద్రపోయింది.
నాయన మాత్రం రెండూ ఐదుకు లేచి
కరెంటు లేని డబ్బా ముందర గొంతుకూర్చోని
బీడీ ముట్టించేవాడు,
పరామర్శకు వచ్చినోని మాదిరి.

నేను అనంతపురం పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సును.
నెలకు పదైదు రాత్రుళ్ళు.
ఒకనాడు టీ తాగుతా డాక్టర్ షంషాద్
పాత కేస్ షీటు వెనక గీత గీసి చెప్పింది:
"ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంటుంది సుంకులమ్మా.
వెలుగు చూసి సరిచేసుకుంటుంది.
ఏండ్ల తరబడి రాత్రిని పగలు చేస్తూ పోతే
జన్యువుల మీద చిన్న చిన్న గుర్తులు మారతాయి.
అక్షరం మారదు. అదే రాత, అదే వరస.
దేన్ని చదవాలి, దేన్ని దాటెయ్యాలి అనేదే మారిపోతుంది."

నాకు స్టార్టర్ డబ్బా కనపడింది.
లోపల వైరు తెగలేదు, బటన్ విరగలేదు.
ఎర్ర బటన్ మింద నల్ల టేపు,
చుట్టు మింద చుట్టు, ఇరవై రెండేండ్ల చుట్లు.
ఎంత నొక్కినా మోటరు ఆగదు.

"మరి బిడ్డలకూ వస్తాదా డాక్టరమ్మా?"
ఇంకో చుక్క పెట్టబోయి పెన్ను ఆపింది.
"ఎలుకల్లో ఏదో ఉందంటున్నారు. మనుషుల్లో తేలలేదు.
నీకు నిద్ర లేనిది మీ నాయన వల్ల కాదు,
డ్యూటీ చార్టు వల్ల."

నిజమే కావచ్చు.
కానీ డ్యూటీ లేని రాత్రి గూడా
రెండూ ఐదుకు నా కండ్లు తెరుచుకుంటాయి.
అద్దె ఇంట్లో బోరు లేదు, చీనీ చెట్టు లేదు,
కట్టేసినా కారే కొళాయి ఒకటుంది.

అట్లా మొదలైనాయి మా ఫోన్లు.
"లేసినావా?"
"నిద్రపోతే గదా లేసేది."
చీనీకాయ టన్ను ఎంత పలికింది,
పద్నాలుగో బెడ్డు అవ్వ తెల్లారకుండానే పోయింది,
ఈడ వాన లేదు, ఆడ?
ఆడా లేదు.
తండ్రీ బిడ్డా
పగలెప్పుడూ ఇంత మాట్లాడుకోలేదు.

మొన్న శుక్రవారం ఎత్తలేదు.
ఆరుసార్లు చేసినా.
పాము. షాకు. గుండె.
నర్సును గదా, చావుల పేర్లన్నీ వరసగా వచ్చినాయి.
సెలైను మార్చేటప్పుడు చెయ్యి వణికింది.
పొద్దున ఏడున్నరకు ఆయనే చేసినాడు,
తప్పు చేసిన పిల్లోని గొంతుతో:
"నిద్ర పట్టిందమ్మీ. ఎట్ల పట్టిందో తెల్దు.
మెలకువ వచ్చేతలికి ఎండ మొగం మింద ఉండాది."

టేపు అంచు ఒకటి లేచిందేమో.
ఒక్క రాత్రిని పట్టుకోని ఏమీ చెప్పలేం
అంటాది డాక్టరమ్మ.

డ్యూటీ దిగి ఇంటికి పోతా
తూరుపు ఎండకు మొగం తిప్పి నిలబడినా.
"ఏం దేవులాడతాండావు మ్మా?" అనింది పూలమ్మే ఆమె.
సంతోషమే. ఒట్టు, సంతోషమే.
కానీ ఈ రాత్రి రెండూ పదికి
నేను ఎవరికి చేయాల?